చప్పుడు లేని అంబాసిడర్

మా ఇళ్ళలో ఆ రోజుల్లో భయాలకు కూడా వరసలుండేవి. నాయనంటే భయం, పెద్దనాయనంటే పెద్ద భయం. ఆ లెక్కన చిన్నాయనంటే చిన్న భయం ఉండాలి గానీ, ఆయన మా అందరికంటే ముందే పెద్దనాయనకు భయపడి ఎక్కడో దూరాన ఉద్యోగం చూసుకోవడంతో ఆ వాటా కూడా పెద్దనాయనకే కలిసింది. ఇప్పటి పిల్లలకు భయమంటే ఫోనులో చార్జింగ్ అయిపోవడం. మా భయానికి మాత్రం ఇస్త్రీ పంచె, గుబురు మీసం, ఒక పాత అంబాసిడర్ కారు ఉండేవి.

ఆ కారు తెల్లదని పెద్దనాయన అనేవాడు. నాకు ఊహ తెలిసేసరికే అది పులిసిన మజ్జిగ రంగుకు వచ్చింది. వయసులో నాకంటే పెద్దది, ఇంట్లో మర్యాదలో మా నాయనకంటే పెద్దది. ఉదయగిరిలో దాన్ని చూసి గుర్తుపట్టినవాళ్ళు తక్కువ, విని గుర్తుపట్టినవాళ్ళు ఎక్కువ. కొండ కింద మలుపు తిరగక ముందే దాని ఇంజిను చప్పుడు గడగడమంటూ, మధ్యలో టకటకమంటూ ఊళ్ళోకి వచ్చేసేది. బస్టాండులో పేకముక్కలు జేబుల్లోకి, బీడీలు చెప్పుల కిందకి పోయేవి. గట్టు తగాదాతో పొద్దుటినుంచి అరుచుకుంటున్న అన్నదమ్ములు గొంతు సవరించుకుని "అన్నా", "తమ్ముడా" అనుకునేవాళ్ళు. పెద్దనాయన తలుపు తీసుకుని దిగే సమయానికి ఊరు ఫోటోకి నిలబడ్డట్టు ఉండేది. "నా బండి నాకంటే ముందు పోయి చెప్తాది, నేను వస్తాండానని" అని ఆయనకు భలే మురిపెం.

అట్లాంటి మనిషికి కళ్ళలో పొరలు వచ్చాయి. రెండు కళ్ళకూ ఒకదాని తర్వాత ఒకటి ఆపరేషన్ చెయ్యాలనీ, నెల్లూరులో అక్క ఇంట్లో ఒక నెలైనా ఉండాలనీ డాక్టరు చెప్పాడు. (అక్క అంటే పెద్దనాయన కూతురు.) అప్పుడు కారు తాళం ఎవరికివ్వాలనే ప్రశ్న వచ్చింది. సొంత అల్లుడికి కూడా ఏనాడూ ఇవ్వని తాళం అది. నేను డిగ్రీ ముగించి ఉద్యోగం రాక ఇంట్లో ఉన్నాను. ఆ ఖాళీయే నా అర్హత.

"మూడు దినాలకొకసారి స్టార్ట్ చెయ్యి. పది నిమిషాలు ఆడనియ్యి, ఆపెయ్యి. గేరు మీద చెయ్యి పెట్టొద్దు. అర్థమైందా?" అన్నాడు పెద్దనాయన.

"అయింది పెద్దనాయనా."

"ఏం అర్థమైంది?"

"గేరు మీద చెయ్యి పెట్టకూడదు."

"ఎందుకు పెట్టకూడదు?"

ఇది సిలబస్‌లో లేని ప్రశ్న. "పెడితే కదుల్తాది కాబట్టి" అన్నాను. ఆయన నన్ను ఒక నిమిషం చూసి, తాళం నా చేతిలో పెట్టి, పెట్టినందుకు అప్పుడే చింతిస్తున్నట్టు బస్సెక్కాడు.

నేను అయిదు రోజులు మాట నిలబెట్టుకున్నాను. (ఇది గొప్పకు చెప్పడం లేదు. ఈ కథలో నేను చేసిన మంచి పని ఇదొక్కటే.) ఆరోరోజు నా స్నేహితుడు తబలా వచ్చాడు. చేతికి ఏది దొరికినా దాని మీద దరువు వేస్తాడని వాడికా పేరు. వాడికి ఆత్మకూరులో పెళ్ళిచూపులు. "బస్సులో పోతే చెమట కారుతా దిగాల. అంబాసిడర్‌లో దిగితే ఆ ఇంటోళ్ళు లేచి నిలబడతారు రా. ఊరికే నిలబెట్టి పెట్టేదాని కంటే కాస్త తిప్పితే బండికి కూడా మంచిదే" అన్నాడు. నా బతుకులో నాకు బాగా నచ్చిన తర్కాలన్నీ నన్ను ముంచినవే.

ఆత్మకూరు ఇంకా అయిదారు మైళ్ళు ఉందనగా బానెట్‌లోంచి ఆవిరి లేచింది. తబలా దాన్ని చూసి మబ్బు పట్టిందన్నాడు. రేడియేటర్ గొట్టం ఎప్పుడో చిట్లి నీళ్ళన్నీ దారిపొడుగునా కారిపోయాయని, వేడి చూపించే ముల్లు నేను పుట్టక ముందే నిద్రపోయిందని మాకు తెలియదు. ఇంకొంచెం దూరం పోతే ఊరొస్తుంది కదా అని తొక్కాను. లోపల ఇనుము ఇనుమును పట్టుకున్నట్టు ఒక మూలుగు మూలిగి, కారు ఆగిపోయింది. ట్రాక్టరు వెనక తాడుతో కట్టుకుని ఆత్మకూరు చేరాం. అక్కడ ఎవరో చూసి, "ఇంజిను సీజయింది" అన్నారు. పోలీసులు సీజ్ చేసిన బండినైతే విడిపించేవాళ్ళుంటారు. ఇంజినే సీజయితే ఎవరి కాళ్ళు పట్టుకోవాలి? తబలా ఆ సంబంధం వాళ్ళింటికి ఆటోలో పోయాడు. నేను కారు పక్కన కూర్చుని చెమటలు తుడుచుకున్నాను, అవి ఎండకు పట్టినవి కావు.

ఆ సాయంత్రమే నెల్లూరు నుంచి ఫోను. "బండి స్టార్ట్ చేసినావా? ఏదీ, బానెట్ కాడ ఫోను పెట్టు, వినాల నేను" అన్నాడు పెద్దనాయన. కంటికి కట్టు కట్టాక ఆయనకు పొద్దుపోవడం లేదట, ఇక రోజూ బండి చప్పుడు వింటాడట. సిగ్నల్ లేదని చెప్పి ఆ పూటకు తప్పించుకున్నాను. మర్నాటి నుంచి తబలా వాళ్ళ మామ పిండిమర దగ్గరికి పోవడం మొదలుపెట్టాను. అది ఆయిల్ ఇంజినుతో ఆడే పాత మర. దాని గడగడకు మా కారు గడగడకు అన్నదమ్ముల పోలిక. రెండో రోజు పెద్దనాయన శ్రద్ధగా విని, "కొంచెం దగ్గుతాండాది, ఫర్వాలేదు" అన్నాడు. నాలుగోరోజు వెనకనుంచి మర మామ, "ఈ జొన్నలు ఎవురివి?" అని కేక పెట్టాడు.

"జొన్నలేందిరా?" అంది ఫోను.

"దారిన పోయేవాళ్ళు పెద్దనాయనా."

"దారిన పోయేవాళ్ళకు జొన్నలతో ఏం పని?" అని ఆయన కాసేపు ఆలోచించాడు. ఆ కాసేపట్లో నాకు రెండేళ్ళ వయసు పెరిగింది.

ఇక మేస్త్రిని వెతకాలి. ఉదయగిరిలో ఆ కారు పనులన్నీ చూసే మేస్త్రి ఉన్నాడు గానీ, ఆయన్ని అందరూ రేడియో అనేవాళ్ళు. పొద్దున ఆయన చెవిన వేసిన మాట మధ్యాహ్నానికి సీతారామపురంలో వినపడేది. కాబట్టి ఆత్మకూరులోనే చూసుకోవాలి. అక్కడ ఇద్దరు దొరికారు. మొదటాయన షెడ్డు ముందు విప్పిన ఇంజిన్లు వరసగా ఉన్నాయి, ఒకదాంట్లోంచి ఉమ్మెత్త మొక్క పెరిగి పువ్వు కూడా పూసింది. "ఎన్ని రోజులు పడుతుందన్నా?" అంటే "చూద్దాం" అన్నాడు. "నెలలోపల అవుతుందా?" అంటే అదే మాట. ఇంకాసేపు నిలబడితే నా మీద కూడా మొక్క మొలుస్తుందని అక్కడినుంచి కదిలాను.

రెండో ఆయన ముసలాయన, తక్కువ మాట్లాడతాడు. ఉదయగిరిలో చెక్కే పొడుగు కాడ చెక్క గరిటె ఒకటి తెప్పించుకుని, దాని కాడను ఇంజినుకు ఆనించి, గరిటె బోర్లించి చెవికి పెట్టుకుని రోగం చెప్తాడు. జనం ఆయన్ని చెవి మేస్త్రి అంటారు. ఇంజిను విప్పి, లోపల వేలు పెట్టి తడిమి, నా వంక చూసి, "నీళ్ళు పోయకుండా ఎవరు నడిపినారు?" అన్నాడు.

"మా స్నేహితుడు."

"ఆ స్నేహితుడి చేతులే వణకతాండాయి" అని నా చేతుల వైపు చూపించాడు. "దీని సిలిండర్లకు ఇదివరకే మూడు మాట్లు బోరు కొట్టి అరగదీసినారు. ఇంక కొట్టేదానికి గోడ లేదు. స్లీవులు దింపాల, పిస్టన్లు మార్చాల, క్రాంకు సానబట్టించాల. పైన మూతగా ఉండే హెడ్డు పగిలింది, వేరే హెడ్డు తెచ్చుకోవాల."

మా మెట్టలో బోరు వేస్తే నీళ్ళు పడవు, ఇక్కడ బోరు కొట్టడానికి చోటు లేదు. బోరుతో నా జాతకానికి మొదటినుంచీ పడలేదు. "పెద్దాయన వచ్చేలోపల అయితే చాలు మేస్త్రీ, మునుపటిలాగ కావాలి" అన్నాను. ఆ మాట ఎంత పొరపాటో అప్పుడు తెలియదు. మేస్త్రి మొహం చిట్లించి, "మునుపటిలాగ నేను చెయ్యను. సరిగ్గా చేస్తాను. అట్లయితేనే పెట్టు" అన్నాడు. పెట్టాను. (ఖర్చు సంగతీ, నాయనకు ఏం చెప్పాలన్న సంగతీ అమ్మ చూసుకుంది. ఎట్లా చూసుకుందో ఇప్పటికీ చెప్పదు.)

పిస్టన్లు నెల్లూరులోనే దొరుకుతాయన్నారు. నెల్లూరులో పెద్దనాయన ఉన్నాడు. ఒక కంటికి కట్టు ఉన్నా రెండో కన్ను నా ఒక్కడికి చాలు. మే నెల ఎండలో తలకూ మొహానికీ తువ్వాలు చుట్టుకుని స్పేర్ పార్టుల అంగడికి పోయాను. అంగడాయన నన్ను పైనుంచి కిందికి చూసి, పిస్టన్లు ఇచ్చే ముందు, "బండి నీదేనా బాబూ?" అన్నాడు. దొంగ కారుకు సామాన్లు కొంటున్నాననుకున్నాడు పాపం. ఆలోచిస్తే ఆయన అనుకున్నది పెద్ద తప్పేమీ కాదు.

హెడ్డు మాత్రం ఎక్కడా దొరకలేదు. చివరికి సీతారామపురం దగ్గర ఒక పల్లెలో, గొర్రెలు మేపే కుటుంబం వాళ్ళ దొడ్లో, చక్రాల్లేని అంబాసిడర్ ఉందని తెలిసింది. పరుగెత్తాను. కారు ఉంది, హెడ్డూ ఉంది, హెడ్డు మీద ఒక కోడీ ఉంది. బానెట్ లేని ఇంజిను మీద గడ్డి పరిచి, దర్జాగా పొదిగి కూర్చుని ఉంది. ఆ ఇంటి అవ్వ చుట్ట వెలిగించుకుంటూ, "హెడ్డో గిడ్డో తీసుకో నాయనా, నాకేం పని దాంతో. పిల్లలు దిగినాక తీసుకో" అంది.

"కోడిని పక్కన గంపలో పెడితే కాదా అవ్వా?"

"పొదుగు మీద ఉండే కోడిని కదిలిస్తే గుడ్లు మురిగిపోతాయి. మీ అమ్మ నీకు చెప్పలేదా?"

"ఎన్ని రోజులు పడుతుంది?"

"ఇంకా పన్నెండు దినాలు. కోడికి తొందరేముండాది, నీకు కదా."

మా ప్రాంతంలో పెద్దమనుషుల మాటైనా దాటుతారేమో గానీ పొదిగే కోడిని లేపరు. పన్నెండు రోజులు నా ప్రాణం ఆ కోడి కింద ఉండింది. రెండ్రోజులకొకసారి ఉన్న ఒక్క బస్సు పట్టుకుని పోయి దాని ఎదురుగా కూర్చునేవాడిని. అది నన్ను పెద్దనాయన చూసినట్టే చూసేది. అటు నెల్లూరులో రెండో కన్ను కట్టు విప్పే రోజు దగ్గరపడుతోంది, ఇటు గుడ్లు విప్పుకోవడం లేదు. ఒక్కోరోజు ఏది ముందు తెరుచుకుంటుందో తెలియక అన్నం సహించేది కాదు. పదోరోజు అవ్వ నన్ను చూసి జాలిపడి, "ఏ తండ్రి కన్నబిడ్డవో, కోడికి కూడా ఇంత దిగులు లేదు" అని మజ్జిగ ఇచ్చింది. పన్నెండోరోజు తొమ్మిది పిల్లలు దిగాయి. హెడ్డు విప్పుకుని, గడ్డి దులుపుకుని, గోనెసంచిలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాను.

చెవి మేస్త్రి నాలుగు రోజుల్లో ఇంజిను బిగించాడు. స్టార్ట్ చేసి, నడుస్తున్న ఇంజిను మీద అంచుదాకా నింపిన టీ గ్లాసు పెట్టి నన్ను పిలిచాడు. టీ మీద మీగడ కూడా కదల్లేదు. "గరిటె పెట్టి విను" అన్నాడు. విన్నాను. లోపల ఎవరో పసిబిడ్డను నిద్రపుచ్చుతున్నట్టు ఉంది. ఆయన కాళ్ళకు దండం పెట్టి, గెలిచినవాడిలా ఉదయగిరికి నడుపుకుని వచ్చాను.

కొండ కింద మలుపు తిరిగాను. బస్టాండు ముందు నుంచి పోయాను. పేకాట ఆగలేదు. ఒక బీడీ కూడా ఆరలేదు. రోడ్డు మధ్య పడుకున్న మేక తల కూడా ఎత్తలేదు. అప్పుడు అర్థమైంది నేనేం చేశానో.  పెద్దనాయన ఎక్కి కూర్చున్న మొదటి నిమిషంలోనే ఈ నిశ్శబ్దం నన్ను పట్టిస్తుంది.

మర్నాడే మళ్ళీ ఆత్మకూరు. "మేస్త్రీ, ఆ చప్పుడు మళ్ళీ పెట్టియ్యండి" అన్నాను.

ఆయన గరిటె కింద పెట్టాడు. "ఏంది?"

"పాత చప్పుడు. కొంచెమైనా చాలు."

"నలభై ఏళ్ళుగా ఈ పనిలో ఉండా. చప్పుడు పోగొట్టమని వచ్చినోళ్ళే గానీ, పెట్టమని వచ్చినోడివి నువ్వే. పొయ్యి అన్నం తిని పడుకో." తబలా తన వంతు సాయంగా డబ్బాలో బోల్టులు పోసి కారు కింద కట్టాడు. అది వీధి చివర దాకా బ్రహ్మాండంగా మోగి, మలుపులో ఊడిపోయింది. ఇంక చేసేదేమీ లేక రోజూ సాయంత్రం కారును ఇంట్లో పెట్టి పిండిమరకే పోతూ వచ్చాను. "రేపు నువ్వే రా, బండి తీసుకుని. ఇంటికొస్తా" అని పెద్దనాయన చెప్పిన సాయంత్రం కూడా ఆయన విన్నది జొన్నపిండి చప్పుడే.

నెల్లూరులో ఆయన నల్లద్దాలు పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. ఆయనతో పాటు పోయిన పెద్దమ్మ ఇంకో వారం అక్క దగ్గరే ఉంటానంది. తాళం తిప్పాను. కారు ఊపిరి పీల్చుకుని కదిలింది. పెద్దనాయన నా వైపు తిరిగాడు. నేను రోడ్డు వైపు చూశాను. ఊరు దాటినా ఆయన ఏమీ అనలేదు. తిట్టు కోసం ఎదురుచూస్తూ తిట్టు రాకపోవడం తిట్టుకంటే ఘోరం. నేను లోలోపల తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకుంటున్నాను.

సంగం దాటాక, "హారన్ కొట్టు" అన్నాడు. కొట్టాను. "ఊ" అన్నాడు. నా మొహం చూసి, "ఇప్పుడు నువ్వేమన్నా మాట్లాడినావా?" అన్నాడు.

"లేదు పెద్దనాయనా."

"అబద్ధం చెప్పొద్దు. నీ పెదాలు కదలతాండాయి. కొత్త కళ్ళు, బాగా కనపడతాండాది నాకు."

కదులుతున్నది మొక్కులకని చెప్పకుండా గేరు మార్చాను. ఆయన నల్లద్దాలు తీశాడు. మోకాలి మీద ఆయన చెయ్యి సన్నగా వణుకుతోంది. ఆ చెయ్యి వణకడం నేను అంతకు ముందు చూడలేదు, వణికించడమే చూశాను.

"నిన్న సాయంత్రం దాకా ఫోనులో బండి చప్పుడు బాగా వినపడింది రా. ఈ పొద్దు వినపడలే. మా అమ్మకు గూడా ఇట్లే మొదలైంది. ముందు కళ్ళు, ఆ పైన చెవులు. పెద్ద చప్పుళ్ళు వినపడేవి, చిన్నవి పోయినాయి. కడకు అన్నం పెట్టేటోళ్ళు అరిచి పెట్టేది, ఎనక నవ్వేది. నలుగురు చెప్పుకునేది వినాల్సినోడికి చెవులు పోతే ఏం మిగల్తాది? ఎవరికీ చెప్పొద్దు. మీ నాయనకు గూడా. బండి తిప్పు, నెల్లూరులో చెవుల డాక్టరుకు చూపించుకుని పోదాం."

ఇక్కడ నేను నిజం చెప్పాలి. ఆ మాట వినగానే నాకు మొదట కలిగింది సంతోషం. తప్పించుకున్నాను. డాక్టరు ఏమన్నా అనుకోనీ, ఆయన లెక్కలో చప్పుడు పోయింది ఇంజినులో కాదు, తన చెవుల్లో. బండి తిప్పడానికి వేగం తగ్గించాను కూడా. అప్పుడు ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "చూసి తిప్పు, లారీ వస్తాండాది" అన్నాడు. మెల్లగా. ఆయన గొంతులో గదమాయింపు లేదు, నన్ను ఆనుకున్నాడు. బండి రోడ్డు పక్కన ఆపేశాను.

చెప్పాను. తబలా పెళ్ళిచూపులు, ఆవిరి, ట్రాక్టరు, పిండిమర, కోడి, గరిటె, టీ గ్లాసు, అన్నీ. ముందర బయటపడ్డది ఏడుపో మాటో నాకే తెలీదు. ఆయన రోడ్డు వైపు చూస్తూ విన్నాడు. "అయితే జొన్నలు..." అన్నాడు.

"పిండిమరవే."

 చెయ్యి లేస్తుందని చెంపను సిద్ధం చేసి పెట్టుకున్నాను. ఆయన కిటికీ అద్దం పూర్తిగా ఎత్తేసి, నా వైపు జరిగి, "మెల్లగా ఏదన్నా అను" అన్నాడు.

"తప్పయింది పెద్దనాయనా" అన్నాను.

"వినపడింది. ఇంకా మెల్లగా అను."

"తప్పయింది."

"ఇంకా."

గొంతు లేకుండా గాలితో మాత్రమే అన్నాను. "అదీ వినపడింది" అన్నాడు. మోకాలి మీద చెయ్యి నిలిచింది. అట్లా ఎన్నిసార్లు అనిపించాడో లెక్క పెట్టలేదు. లారీ పోయింది, బస్సు పోయింది, గొర్రెల మంద ఒకటి కారుకు రెండు వైపులా చీలి మెల్లగా పోయింది, నేను అంటూనే ఉన్నాను, ఆయన వింటూనే ఉన్నాడు. అది శిక్షో, చెవుల పరీక్షో నాకు ఇప్పటికీ తేలలేదు. కడకు నల్లద్దాలు పెట్టుకుని, "పోనియ్యి" అన్నాడు. ఆ తర్వాత ఆయన బతికినంత కాలం ఆ విషయం మా ఇద్దరి మధ్యా మళ్ళీ రాలేదు.

ఇప్పుడు నాకూ పొరలు వచ్చే వయసు దగ్గరపడింది. ఇంట్లో నా అడుగు చప్పుడుకు ఎవరూ ఏదీ దాచుకోరు. మా పిల్లలైతే నేను ఎదురుగా నిలబడినా ఫోను కూడా దించరు. దానికి నొచ్చుకోవడం లేదు. రోడ్డు పక్కన ఆ పూట నాకు పెద్దనాయన మీద భయం పోయిందని నేను చాలా ఏళ్ళు గొప్పగా అనుకున్నాను. అది పోలేదు, ఆయనకేమవుతుందోనన్న భయంగా మారింది, అంతే. ఆ రెండో భయం చప్పుడును నేను ఏ మేస్త్రి చేతా పోగొట్టించుకోలేదు. అప్పుడప్పుడు ఆనాటి నేను, ఆ ఉద్యోగం లేని కుర్రవాడు, కోడి ముందు బుద్ధిగా కూర్చుని గుడ్ల వంక చూస్తూ గుర్తొస్తాడు. వాడికి రాబోయేదేమిటో ముందే చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వాడు నమ్మడు, వాడి చూపంతా కోడి మీదే.